ఐదో తీగ

పెరట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గది పొగగొట్టంలోంచి ఇంకా నల్లటి పొగే వస్తోంది. అంటే రేనో ఇప్పుడిప్పుడే బర్చ్ కట్టెలు అంటించాడన్నమాట. బెరడు కాలినంతసేపూ పొగ అలా నల్లగానే ఉంటుంది, తరవాత బూడిదరంగుకి తిరుగుతుంది, ఆ తరవాత గొట్టం మీద గాలి వణకడం తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు అతను పొయ్యి ముందునుంచి లేచి, మంచులో తొక్కిన బాట వెంట వచ్చి, వెనక తలుపు తీసి, ఆవిరి సిద్ధంగా ఉంది రమ్మని పిలుస్తాడు. శనివారం శనివారం ఇంతే. రేనోని పెళ్ళాడి ఈ ఇంటికి వచ్చిన మొదటి శనివారం కూడా ఇంతే. లినియా కిటికీ దగ్గరనుంచి తిరిగి బల్ల మీద పైరేకు ఊడదీసి ఉన్న కంప్యూటర్ వైపు చూసింది. ఆ పొగ ఉన్నంతసేపే తన చేతిలో ఉన్న సమయం. ఈలోగా మగ్గం కదిలిందా సరే సరి. లేకపోతే రేపు చర్చి అయ్యాక డ్వేన్ ట్రక్కు వేసుకుని వస్తాడు. డ్వేన్ రేనో అక్క కొడుకు, పాత సామాను ఎత్తుకుపోవడం అతని పని, దీన్నీ, మగ్గం నెత్తిన కూర్చుని పోగుల్ని పైకెత్తే ఆ ఇనప పెట్టెనీ కలిపి ఎత్తుకుపోతాడు. చెక్క మగ్గం మిగులుతుంది, నిజమే, కాలితో తొక్కుతూ చింకిపాతల తివాచీలు నేసుకోవచ్చు, ఊళ్ళో ముసలమ్మలందరూ అవే నేస్తున్నారు. కానీ జూన్ పండుగకి ఊరి హాలులో బల్ల పొడుగునా పరుద్దామని మొదలుపెట్టిన మంచుపూల గుడ్డ సగంలో ఆగి ఉంది, మిగతా సగం ఆ కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, దాన్ని మగ్గం మీదనుంచి కత్తెరతో కోసి తీసేయాల్సిందే. కోయడం అన్న మాట మనసులోకి రాగానే లినియా రెండు చేతులూ కాఫీ కప్పు చుట్టూ వేసి పట్టుకుంది.

గురువారం రేనో చేతిలోంచి జారిపడ్డది మినపగింజంత కూడా ఉండదు. నల్లగా ఉంటుంది కూడా అలాగే. దానికేదో పేరుంది, జంపర్ అంటారట, వాళ్ళింట్లో మాత్రం మొదటినుంచీ టోపీ అనే అన్నారు. కంప్యూటర్ లోపల గుచ్చే ఒక్కో కార్డు మీద సన్నటి సూదులు జతలు జతలుగా నిలబడి ఉంటాయి, ఏ జత నెత్తిన ఆ టోపీ తొడిగితే కార్డుకి ఆ నంబరు. పాత కంప్యూటర్ చలికాలం మొదట్లో ప్రాణం వదిలితే, చర్చి ఆఫీసు నేలమాళిగలో దుమ్ము కొట్టుకుపోతున్న అదే ఈడు యంత్రాన్ని రేనో అడిగి తెచ్చాడు. పాతదాంట్లోని నమూనాలూ పాటలూ దాచిన డిస్కునీ, కార్డుల్నీ ఒక్కొక్కటే పీకి దీంట్లో గుచ్చాడు, పాటల కార్డూ, ప్రింటర్ కార్డూ, చివరికి మగ్గం కార్డూ. గురువారం మగ్గం కార్డు మీద టోపీ వదులయిందని వేలితో నొక్కబోయాడు. ఈమధ్య అతని కుడిచేయి తనంతట తనే వణుకుతోంది, కప్పులో చెంచా గలగలమంటుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కిటికీ వైపు తిరిగి నిలబడతాడు. టోపీ ఎగిరి నేలమీద పడిన చప్పుడు కూడా రాలేదు. నేల చెక్కల మధ్య సందులు, ఈ ఇల్లు కట్టిననాటి సందులు. రేనో టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద పాకాడు, లినియా అల్లికసూదితో సందుల్లో దుమ్మంతా గీకింది, ఒక గుండీ వచ్చింది, రాగి కాసు వచ్చింది, ఎప్పటిదో దారపు ముక్క వచ్చింది. చివరికి అతను బల్ల పట్టుకుని లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, ఇంక డ్వేన్‌ని రమ్మంటానన్నాడు. తనని ఒకసారి చూడనివ్వమంటే, చూడ్డానికేముంది, నా వేళ్ళకి ఇక చేతకాదు లినియా అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. అదే మాట, అదే గొంతు. వేళ్ళకి చేతకాదు.

పొగ ఇంకా నల్లగానే ఉంది. లినియా భూతద్దం తీసుకుని కంప్యూటర్ పెట్టెలోకి వంగింది. వేడెక్కని దుమ్ము వాసన ఒకలా ఉంటుంది, వేడెక్కిన దుమ్ము వాసన ఇంకోలా. ఈ గదికి ఇన్నేళ్ళూ రెండోదే అలవాటు, ఉన్ని వాసనతో కలిసిన వేడి దుమ్ము, అవతలి గదిలోంచి వచ్చే కాఫీ వాసన. కంప్యూటర్ ఎప్పుడూ ఇక్కడే ఉండేది, రెండు గదుల మధ్య చెక్క గోడకి తలుపు తీసేసిన చోట. ఇటు ఆమె మగ్గం, అటు అతని కుర్చీ, భుజాలకి తగిలించుకుని వాయించే అతని అకార్డియన్ పెట్టె. ఒక్క యంత్రానికి ఇద్దరు యజమానులని రేనో నవ్వేవాడు, రెండు ఆవులకి ఒకటే కుడితి తొట్టి అనేవాడు. దాని లోపలి సంగతి మొదటిసారి చెప్పినప్పుడు కూడా నవ్వుతూనే చెప్పాడు. అతను టెలిఫోను కంపెనీలో స్తంభాలెక్కిన మనిషి, ప్రపంచంలో దేన్నయినా తీగలతోనే చెప్పగలడు. లోపల పెద్ద చిప్పుని పిలవడానికి తీగలు కొన్నే ఉన్నాయన్నాడు, ఒక్కో కార్డుకి ఒక్కో తీగ, పని పడ్డప్పుడు ఆ తీగ లాగి ఇదిగో నేనున్నానంటుంది. మూడూ నాలుగూ ఎవరో ముందే పట్టుకున్నారు. ఏడోది ప్రింటర్‌ది. మన రెండు కార్డులకీ ఐదూ ఏడూ తప్ప వేరే సూదులే లేవు, కాబట్టి నువ్వూ నేనూ ఐదో తీగ మీదే ఉండాలి. ఒకే తీగ మీద ఇద్దరుంటే ఏమవుతుందని ఆమె అడిగితే, అది నన్ను అడుగుతావేం, మీ అమ్మని అడుగు అన్నాడు.

అమ్మ. లినియా చిన్నప్పుడు ఈ రోడ్డు మీద, ఆమె పుట్టింటితో సహా, ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే ఫోను తీగ ఉండేది, ఎవరికి ఫోనొచ్చిందో గంట మోగే తీరునిబట్టి తెలిసేది, తమకి రెండు పొడుగూ ఒక పొట్టీ, పక్కింటి హాపలా వాళ్ళకి మూడు పొట్టి. మూడు పొట్టి మోగినప్పుడల్లా అమ్మ చేతులు తుడుచుకుని, రిసీవర్ మెల్లగా ఎత్తి, ఊపిరి వినపడకుండా దాని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి వినేది, పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఒకసారి మధ్యలో తుమ్మింది. అవతలనుంచి హాపలా ముసలామె, జలుబు చేసిందా, కాస్త తేనె తాగమ్మా అంది. అప్పుడు ఇల్లంతా నవ్వింది, అమ్మ తప్ప. లినియాకి ఇప్పుడూ నవ్వొచ్చింది, పెట్టెలోకి వంగి ఉండగానే, నవ్వు ఊపిరికి మగ్గం కార్డు మీది దుమ్ము కాస్త లేచింది. కార్డు మీద ఐదు అని రాసి ఉన్న చోట రెండు సూదులూ బోడిగా మెరుస్తున్నాయి. సన్నటి సూదులు, రాగిరంగువి, వంగలేదు, విరగలేదు. ఏమీ పాడవలేదు. ఒక్క మినపగింజ లేదు, అంతే. హాంకాక్ పట్నంలో దుకాణాలవాళ్ళని అడిగాను, అదేంటని వాళ్ళు నన్నే అడిగారని రేనో చెప్పాడు. ఆ కుర్రాళ్ళు పుట్టకముందువి ఇవన్నీ.

ఐదో తీగ మీద కాపురం ఎలా చేయాలో రేనోయే కనిపెట్టాడు. అకార్డియన్ ఎత్తే ముందు చెక్కగోడ మీద వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొట్టేవాడు. ఆమె ఆ వరస అడ్డపోగు, పేక, వేసి, దాన్ని బిగించే పలకతో కొట్టి, కాలు పక్కకి తీసి, ఇటునుంచి ఒక్కసారి కొట్టేది. వాయించుకో అని. అతను వాయించినంతసేపూ ఆమె కండెలు చుట్టుకునేది, పోగులు చూసుకునేది, కొన్నిసార్లు ఊరికే కూర్చునేది. అతను అయ్యాక మళ్ళీ ఒకసారి కొట్టేవాడు. బయటివాళ్ళెవరైనా వింటే పిచ్చివాళ్ళనుకుందురు, ఒకే కప్పు కింద మొగుడూ పెళ్ళాం గోడలు కొట్టుకుంటున్నారని. కానీ రేనోకి ఆత్రం. ఏదో స్వరం తలలోకి రాగానే గోడ సంగతి మరిచిపోయేవాడు. ఆమె కాలు తొక్కుతుంది, మగ్గం తీగ లాగుతుంది, సరిగ్గా ఆ క్షణంలో అవతల అతనికి తోడుగా కంప్యూటర్‌లోంచి పాట మొదలవుతుంది, మగ్గం పిలుపు ఎవరికీ వినపడదు, కంప్యూటర్ పాత వరసనే మళ్ళీ ఎత్తుతుంది. తెలియక ఆమె పేకదారం మోసే నాడె వదిలేస్తుంది, పడుగుపోగుల మధ్య ఒకే సందులో రెండుసార్లు పేక పడి గుడ్డ మీద లావుపాటి గీత వస్తుంది. దూరంనుంచి చూస్తే కనపడదు, చెయ్యి వేసి రాస్తే తగులుతుంది. చూసుకుంటే విప్పేది, ఒక్కోసారి చూసుకునేది కాదు. ఇంటినిండా అవే. వంటింటి తుండుగుడ్డ మీద ఒకటుంది, అది అతను కొత్త వాల్ట్జ్ నాట్యపు పాట కట్టిన మంగళవారంది. మంచం మీది నీలం దుప్పటిలో మూడున్నాయి, అవి ముసురు పట్టి ఇద్దరూ వారం పాటు ఇల్లు కదలకుండా ఉన్నప్పటివి. ఆ దుప్పటి కప్పుకుని నిద్ర పట్టనప్పుడు ఆమె చెయ్యి ఇప్పటికీ ఆ గీతల మీదికి పోతుంది.

అంతకుముందు, అన్న పోయాక, రేనో అకార్డియన్ ముట్టుకోలేదు చాలాకాలం. ఆర్వో, రేనో కన్నా రెండేళ్ళు పెద్ద, హాలులో శనివారం నాట్యాలకి ఇద్దరే వాయించేవాళ్ళు, ఆర్వో పైస్వరం, రేనో కిందిస్వరం, ఎవరి పెట్టె ఎక్కడ ఆగిందో ఎవరిది ఎక్కడ అందుకుందో తెలిసేది కాదు. లినియా మొదట చూసింది కూడా రేనోని కాదు, నిజం చెప్పాలంటే ఆర్వోని, అన్నీ వాడే వాయిస్తున్నట్టు కనపడేవాడు, ఎగిరి ఎగిరి. పక్కన కూర్చున్నవాడు తల వంచుకుని ఉండేవాడు. కళ్ళు మూసుకుని వింటేగాని ఆ తల వంచుకున్నవాడి సంగతి తెలియలేదు. మంచు కరిగే కాలంలో ఆర్వో పడవతో సరస్సులోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్క కిందిస్వరం ఏం వాయించను, ఒంటికాలితో నాట్యం చేసినట్టుంటుందని రేనో పెట్టె మంచం కిందికి తోసేశాడు. తరవాత ఎప్పుడో ఈ పాటల కార్డు వచ్చింది. అతను ఆర్వో భాగాన్ని తనే నేర్చుకుని, తనే వాయించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాన్ని మళ్ళీ వినిపింపజేస్తూ పక్కన తన భాగం వాయించాడు. ఆ రోజు సాయంత్రం ఈ గదిలో నిలబడి విన్నది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ చిన్న స్పీకరులో పాట ఎవరో రేకు డబ్బాలో కూర్చుని వాయిస్తున్నట్టు వచ్చేది. బాగుందా అని అడిగాడు. ఆర్వోకి జలుబు చేసినట్టుంది అంది. చాలాసేపు నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మరి ఎప్పుడు ఆగింది అదంతా? లినియా భూతద్దం పక్కన పెట్టి కిటికీలోంచి చూసింది, పొగ బూడిదరంగుకి తిరుగుతోంది. చర్చి నూరేళ్ళ పండుగకి బలిపీఠం మీద పరిచే గుడ్డ నేసిన ఏడాది. తెలుపు మీద తెలుపు, గోధుమకంకుల అల్లిక, ఆకురాలే కాలమంతా నేసింది. పండుగనాడు దాన్ని పరిచాక ఎండ పక్క కిటికీలోంచి వాలుగా పడేసరికి, సరిగ్గా మధ్యలో, శిలువ కింద, లావుపాటి గీత. తెలుపు మీద తెలుపు కాబట్టి ఎండ పడేదాకా ఎవరికీ కనపడలేదు, ఆమెకి కూడా. చర్చి కింది గదిలో కాఫీ దగ్గర సెల్మా హాపలా యాలకుల రొట్టె ముక్క విరుస్తూ, ఏం లినియా, యంత్రాలకి కూడా కునుకు పడుతుందా అంది. మూడు పొట్టి గంటల హాపలా వాళ్ళ కోడలే. అందరూ నవ్వారు, చెడ్డగా కాదు, ఊరికే. కానీ లినియా తన రొట్టె ముక్క కొరకకుండానే పళ్ళెంలో పెట్టేసింది. ఇంటికొచ్చి కోటు విప్పకుండానే రేనోతో అంది. అరవలేదు. నీ పెట్టె నోరు మూసుకుని ఉంటే నా గుడ్డ గుడ్డలా ఉండేది అంది. రేనో బూట్ల తాళ్ళు విప్పుతూ విన్నాడు, ఒక బూటు విప్పి రెండోది మరిచిపోయినట్టు అలాగే కూర్చున్నాడు. తరవాత లేచి పొయ్యిలో కట్టె వేశాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. ఇంతకాలం ఆమెకి అలాగే గుర్తుంది, ఏమీ జరగలేదని.

కానీ తరవాతి వారమో ఆపై వారమో, గోడ అవతలనుంచి ఒక వింత చప్పుడొచ్చింది, పాట మొదటి తునక ఒక్కటే మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. ఆమె మగ్గం మాత్రం ఆగలేదు, ఒక్క వరస తప్పలేదు. తరవాత టక్కుమని ఆపేసిన శబ్దం. ఏమైంది అని ఇటునుంచి కేకేసింది. ఏమీ లేదు, వేళ్ళకి చేతకావట్లేదు అన్నాడు అటునుంచి. అదీ ఆ మాట, అక్కడ విన్నది. వయసు మీద పడుతోంది కదా అనుకుంది. అప్పటికి వాళ్ళకేమంత వయసని? తరవాత గోడ మీద చప్పుడు లేదు. గుడ్డలు తప్పుల్లేకుండా వచ్చాయి, ఎంత శుభ్రంగా వచ్చాయంటే బయటి ఊళ్ళవాళ్ళు కూడా అడిగి చేయించుకున్నారు. మొదట్లో ఒకటి రెండుసార్లు, ఏం వాయించట్లేదేమని అడిగింది. తరవాత అడగలేదు. నేసేటప్పుడు గోడ వైపు ఒక చెవి వేసి ఉంచే అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు, పిలుపు రాని ఇంట్లో ఫోను పక్కన కూర్చున్నట్టు.

పొగ పలచబడుతోంది. ఇక ఆలోచించుకుంటూ కూర్చుంటే కాదని లినియా లేచి, పడుగుపోగుల్ని లాగే సన్నటి కొక్కెం అందుకుంది. చిన్న చిన్న కళ్ళలోంచి పోగులు లాగీ లాగీ ఆ కొక్కెం ఆమెకి ఆరో వేలయింది, దాన్ని పట్టుకుంటే చేతికి వణుకనేది తెలియదు. ఈ పెట్టెలో ఇంకెక్కడైనా ఒక టోపీ ఉండకపోతుందా, అక్కర్లేని చోట, ఎవరూ అడగని చోట. మొదట పాటల కార్డు చూద్దామనుకుంది, దాన్ని తీస్తే ఎవరికీ నష్టం లేదు కదా, ఎలాగూ మూగబోయి ఉంది. మరలు విప్పి, రెండు అంచులూ పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ పైకి లాగింది. దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. దుమ్ము మందంగా, బూడిదరంగు ఫెల్టు గుడ్డలా పట్టి ఉంది, టోపీ మీద కూడా. టోపీ ఉంది. ఐదు అని రాసిన చోటే ఉంది. కానీ రెండు సూదుల మీద లేదు. ఒక్క సూదిని పట్టుకుని పక్కకి వేలాడుతోంది.

ఆమెకి దాని అర్థం తెలుసు. రేనోయే నేర్పాడు, మొదట్లో, ఒకసారి ఆమె ఊడిన టోపీని చీపురుతో ఊడ్చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపి నేర్పాడు. తీసినదాన్ని పారేయకూడదు పిల్లా, ఒక్క సూదికి వేలాడదియ్యాలి, తీగ తెగినట్టూ ఉంటుంది, టోపీ పోకుండానూ ఉంటుంది, మళ్ళీ ఎప్పుడైనా కావాలంటే అక్కడే ఉంటుంది. ఇది తనంతట తాను ఊడి ఇలా నిలబడేది కాదు. వేళ్ళతో తీసి, వేళ్ళతో పెట్టింది. వణకని వేళ్ళతో. ఈ దుమ్ము ఒక ఏడాదిది కాదు. గొంతులో అడ్డం పడ్డట్టు పాట తునక మళ్ళీ మళ్ళీ వచ్చిన ఆ సాయంత్రం, అతను వాయించలేక ఆపలేదు. తీగ తెంపి, తెగిందో లేదో చూసుకున్నాడు. ఇటు మగ్గం తప్పకుండా ఆడుతోందో లేదో చెవి పెట్టి విన్నాడు. ఆడుతోంది. ఏమీ లేదు, వేళ్ళకి చేతకావట్లేదు. లినియా కుర్చీలో కూర్చుంది. కార్డు ఒళ్ళో ఉంది, దుమ్ము గౌను మీద రాలుతోంది, దులుపుకోలేదు. నోరు మూసుకోమన్నది తను. మూసుకున్నాడు. పారేయలేదు, వేలాడదీశాడు. మళ్ళీ ఎప్పుడైనా కావాలంటే. ఎవరు అడగాలని? తనే అడగాలి కదా. అవతల అన్నీ ఉన్నాయి, గోడ ఉంది, వేళ్ళ కణుపులు ఉన్నాయి. ఇటునుంచి రెండుసార్లు కొడితే సరిపోయేది, ఇన్నేళ్ళలో ఏ మంగళవారమైనా.

ఇప్పుడు టోపీ ఒక్కటే ఉంది. కొక్కెంతో దీన్ని తీసి మగ్గం కార్డుకి పెడితే మగ్గం కదులుతుంది, గుడ్డ పూర్తవుతుంది, డ్వేన్ ఉత్తచేతులతో పోతాడు. ఆమె కొక్కెం మొనని టోపీ కింద పెట్టింది. పెట్టి, తీసేసింది. ఇది అతనిది. కిటికీలో చూస్తే పొగ దాదాపు లేదు, గొట్టం మీద గాలి వణకబోతోంది. ఇంకేముంది ఈ పెట్టెలో? ప్రింటర్ కార్డు. దాని మీదా ఒక టోపీ ఉంది, ఏడో తీగ మీద, రెండు సూదులూ గట్టిగా పట్టుకుని, ఎప్పుడూ కదలని పెద్దమనిషిలా. ప్రింటర్‌ని వదిలేద్దామా అని రేనో మొదట్లోనే ఒకసారి అడిగాడు, మగ్గం ఏడు మీదికి పోతుంది, నేను ఐదు మీద ఉంటాను, ఎవరి తీగ వాళ్ళది. ఆమె వీల్లేదంది. నమూనాలు అచ్చేసి చుట్టుపక్కల నేతగత్తెలకి ఇచ్చేది అప్పుడు, చర్చి వాళ్ళు పాటల కాగితాలు కూడా అచ్చేయించుకునేవాళ్ళు, ఊళ్ళో ఆ పని తనొక్కతే చేయగలిగేది, ఆ పేరు తీపిగా ఉండేది. సెల్మా హాపలా కూడా అడిగి పుచ్చుకునేది. ఆ ప్రింటర్‌లో సిరా రిబ్బను ఎండిపోయి ఎన్నేళ్ళయిందో. ఇంత చిన్న సంగతి, అటుది ఇటు మార్చడం, ఎప్పుడంటే అప్పుడు చేయగలిగేవాళ్ళు, ఇద్దరిలో ఎవరికీ మళ్ళీ ఆ మాట ఎత్తాలని తోచలేదు.

కొక్కెంతో ప్రింటర్ టోపీని పైకి లేపింది. అది రానని మొరాయించింది, తరవాత టక్కుమని వచ్చింది, ఎగరకుండా బొటనవేలు అడ్డం పెట్టింది. మగ్గం కార్డు మీద ఏడు అని ఉన్న జత మీద పెట్టి గోరుతో నొక్కింది. తరవాత పాటల కార్డు ఒళ్ళోకి తీసుకుని, దుమ్ము ఊది, వేలాడుతున్న టోపీని ఆ సూదిమీదనుంచి తీసి, నిటారుగా చేసి, రెండు సూదుల మీదా సర్ది, కిందికి దించింది. చాలా తేలిగ్గా దిగింది. కార్డు దాని చోట గుచ్చింది, మర బిగించింది, మీట వేసింది. తెర మెల్లగా వెలిగింది, లోపల పంకా గొణిగింది, దుమ్ము వేడెక్కే వాసన వచ్చింది. మగ్గం ప్రోగ్రాంలో తీగ నంబరు అడిగే చోట ఐదుని చెరిపి ఏడు కొట్టింది. మగ్గం మీద కూర్చుని కాలు పెట్టి తొక్కింది. నెత్తిమీద ఇనప కడ్డీలు గలగలమని లేచాయి, పడుగు విచ్చుకుంది, సందు తెరుచుకుంది. గురువారం ఆగినచోటికి తరవాతి వరస. నాడె వదిలింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ.

వెనక తలుపు తెరుచుకుని చల్లగాలీ పొగవాసనా కలిసి వచ్చాయి. ఆవిరి సిద్ధమని చెప్పబోయి రేనో సగంలో ఆగిపోయాడు. బూట్లు విప్పిన చప్పుడు వినపడలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, ఉన్ని కుళ్ళాయి చెవులమీద, కనుబొమల మీద మంచు కరిగి నీళ్ళు.

"ఎవరు చేశారు?"

"ఇంట్లో నేను కాక ఎవరున్నారు, దెయ్యాలా?"

"పోయిన టోపీ ఎక్కడ దొరికింది?" అన్నాడు, నేల సందుల వైపు చూస్తూ.

"దొరకలేదు. ప్రింటర్‌ది తీశాను. మగ్గం ఇప్పుడు ఏడు మీదుంది."

అతని కుడిచేయి కోటు పక్కన వణుకుతోంది, దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. కంప్యూటర్ వైపు చూస్తూ అడిగాడు.

"నా దాని మీదున్నది తీశావా?"

"తియ్యలేదు. దాని చోటే ఉంది. రెండు సూదుల మీదా."

బయట చూరునుంచి మంచు ఊడి పడిన శబ్దం వచ్చింది. రేనో గోడ వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు.

"ఇప్పుడు నా వేళ్ళకి నిజంగానే చేతకాదు, లినియా."

నిజంగానే. అంటే అప్పటి మాట నిజం కాదని తనే ఒప్పుకున్నాడు. ఆమె మగ్గం మీదనుంచే అంది. "చేతకాకపోతే పోనీ. ఆ డబ్బా లోపల కూర్చుని వాయించేవాడికి వచ్చుగా. నువ్వు పక్కనే తల వంచుకుని కూర్చో."

"ఆ జలుబు చేసినవాడా?"

"వాడే."

రేనో ముక్కుతో నవ్వాడు. ఆవిరి చల్లారిపోతుందని గొణిగాడు, ఇంత కట్టె వేశావు అదేం చల్లారదులే అని ఆమె అంది. అతను బూట్లతోనే అవతలి గదిలోకి వెళ్ళాడు, నేలమీద తడి అడుగులు. మంచం కిందనుంచి పెట్టె లాగిన చప్పుడు, దాని గొళ్ళేలు, ఒకటి తొందరగా, రెండోది చాలాసేపటికి. తోలుపట్టీ కిర్రుమంది. లినియా మగ్గం మీద కదలకుండా కూర్చుంది. ఇప్పుడు అవసరం లేదు, ఎవరి తీగ వాళ్ళది, అతను ఎప్పుడు మొదలుపెట్టినా గుడ్డకి ఏమీ కాదు. అయినా ఒక చెవి గోడ వైపే ఉంది. గోడ మీద వేళ్ళ కణుపులు రెండుసార్లు తగిలాయి, రెండోది కాస్త జారి. ఆమె కాలు దానంతటదే పక్కకి జరిగింది. ఇటునుంచి ఒకసారి కొట్టింది.

రేకు డబ్బాలోంచి పాట మొదలైంది, ఆ రోజుల వేళ్ళు, తడబాటు తెలియని వేళ్ళు, పైస్వరం. కాసేపటికి దాని కిందనుంచి ఇంకోటి అందుకుంది, ఒకచోట తప్పి, ఆగి, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ తప్పి. లినియా తొక్కింది. సందు తెరుచుకుంది, నాడె వెళ్ళింది, పలక కొట్టింది, పాట సాగుతూనే ఉంది, గుడ్డ తప్పు లేకుండా వస్తూనే ఉంది. ఆమె వేలు అప్పుడే నేసిన అంచు మీద రాసి చూసింది. నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఇంకోసారి రాసి చూసింది. తరవాత సందు మూయకుండా, పేక దారాన్ని అంచుపోగు చుట్టూ ఒకసారి తిప్పి, వచ్చిన సందులోంచే నాడెని మళ్ళీ వెనక్కి వదిలింది, లావుపాటి గీత పడేలా పలకతో గట్టిగా కొట్టింది.